ఇంటర్వ్యూలో వాళ్లు అడగని ప్రశ్నలు

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేశారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి, గాజువాక చుట్టుపక్కల కుర్రాళ్ల దగ్గర తలా లక్షన్నర వరకు తీసుకుని, బ్యాంకాక్ మీదుగా కంబోడియాకు చేరవేసి, అక్కడ చైనీయులు నడిపే సైబర్ మోసాల కేంద్రాలకు అప్పగించారన్నది కేసు. ఒక్క విశాఖ ప్రాంతం నుంచే దాదాపు 150 మంది ఈ దారిన వెళ్లారని పోలీసుల అంచనా. అదే నెల 20న సిహనూక్‌విల్‌లోని జిన్‌బే కాంపౌండులో వందల మంది భారతీయులు ఎదురు తిరిగారు. నామ్‌పెన్‌లోని మన రాయబార కార్యాలయం వాళ్లను బయటికి తెచ్చి విడతలుగా ఇళ్లకు పంపింది.

అప్పట్లో మా చోడవరంలో టీ కొట్ల దగ్గర కూడా ఇదే మాట. అందరూ కంబోడియా గురించి, అక్కడ పెట్టిన కరెంటు షాకుల గురించి, చీకటి గదుల గురించి మాట్లాడుకున్నారు. విమానం ఎక్కకముందు ఇక్కడే, మన మధ్యే జరిగిన ఇంటర్వ్యూ గురించి అడిగినవాళ్లు తక్కువ. ఇలాంటి నియామకాల్లో పరీక్షించేది టైపింగ్ వేగం, కాస్త ఇంగ్లీషు. అంతకు మించి చదువు గురించి ప్రశ్న ఉండదు, పాత అనుభవం గురించి ఆరా ఉండదు, చేయబోయే పని ఏమిటో వివరణ ఉండదు. ఫోన్లో పది నిమిషాలు మాట్లాడి నెలకు డెబ్బై ఎనభై వేల జీతం ఖాయం చేస్తే, ఆ ఉద్యోగం ఎలాంటిదో ఆ పది నిమిషాల్లోనే సగం తెలిసిపోవాలి.

ఉద్యోగాల పేరుతో జరిగే మోసాలు వంద రకాలుగా కనిపిస్తాయి. రైల్వే అంటారు, స్టీల్ ప్లాంట్ అంటారు, ఐటీ అంటారు, ఓడ అంటారు, గల్ఫ్ అంటారు. కానీ వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంటర్వ్యూ దగ్గర ఒకే లోపం బయటపడుతుంది. జీతం ఇవ్వబోయేవాడికి మన మీద అనుమానం ఉంటుంది, ఉండాలి. వీడికి పని వచ్చా, రేపు మానేస్తాడా, చెప్పిన సర్టిఫికెట్ నిజమేనా అని తరచి తరచి అడుగుతాడు. అనకాపల్లి మార్కెట్‌లో వ్యాపారి దిమ్మ రంగు, గట్టిదనం చూడకుండా బెల్లం పాట పాడడు కదా. డబ్బు పెట్టేవాడి తీరు అది. మనల్ని ఏ మాత్రం అనుమానించకుండా, ‘నీకు ఉద్యోగం వచ్చేసింది’ అంటున్నాడంటే అక్కడ డబ్బు పెట్టేది వాడు కాదు, మనం.

మా ప్రాంతంలో ఈ మాట చెప్పుకోవలసిన అవసరం ఎక్కువ. చోడవరం 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖ జిల్లా, ఆ తర్వాత అనకాపల్లి జిల్లా. చెరకు మీద బతికిన ఊరు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చిక్కుల్లో పడ్డాక, రైతుల బకాయిలూ కార్మికుల జీతాలూ ఏళ్లకేళ్లు వార్తలయ్యాక, ఇంట్లో ఒక్కరికైనా బయట ఉద్యోగం ఉంటే చాలనుకునే కుటుంబాలు పెరిగాయి. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, బ్రాండిక్స్ దుస్తుల ఫ్యాక్టరీల దగ్గర పనులున్నాయి. కానీ 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఫార్మా ప్రమాదంలో 17 మంది పోయాక, ‘మావాడిని ఫార్మాకి పంపను’ అనే తల్లులూ ఉన్నారు. బీటెక్కో, డిప్లొమానో, ఐటీఐనో చదివిన పిల్లాడు రెండేళ్లుగా ఇంట్లో ఉంటే, ఎవరో ఒకరు వచ్చి ‘నాకు తెలిసినాయన ఉన్నాడు’ అన్నప్పుడు కాదనే ధైర్యం ఏ తండ్రికి ఉంటుంది? ఏజెంటు పెట్టుబడి ఆ తండ్రి ఆత్రుతే.

‘తెలిసినాయన’ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. 2022లో తమిళనాడు నుంచి వచ్చిన 28 మంది యువకులు న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌లో నెల రోజుల పాటు రోజుకు ఎనిమిది గంటలు ప్లాట్‌ఫారాల మీద నిలబడి వచ్చే పోయే రైళ్లనూ పెట్టెలనూ లెక్కబెట్టారు. టీటీఈ, క్లర్కు ఉద్యోగాలకు అదే శిక్షణ అని చెప్పారు వాళ్లకు. వైద్య పరీక్షకు రైల్వే ఆస్పత్రికే పంపారు. శిక్షణ ఉత్తర్వులు, గుర్తింపు కార్డులు, నియామక పత్రాలు అన్నీ చేతికిచ్చారు. అన్నీ దొంగవే. అందరి దగ్గరా కలిపి వసూలు చేసింది 2 కోట్ల 67 లక్షలు. ఈ కేసులో నన్ను ఎక్కువ బాధపెట్టేది డబ్బు లెక్క కాదు. ఆ కుర్రాళ్లను ఢిల్లీకి చేర్చింది వాళ్ల ప్రాంతం పెద్దాయనే, ఒక విశ్రాంత సైనికుడు. తనూ మోసపోయానని చెప్పి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది కూడా ఆయనే. మధ్యవర్తి మంచివాడైనంత మాత్రాన వెనకున్నవాడు మంచివాడు కాడు. మన ఊరి మాస్టారో, మేనమామో, గుడి కమిటీ పెద్దో సిఫారసు చేశాడంటే ఆయన మనల్ని మోసం చేయడన్న హామీ మాత్రమే దొరికినట్టు. ఆయన్ని ఎవరూ మోసం చేయలేదన్న హామీ అందులో లేదు.

ఇంకో సంగతి. ఆ కుర్రాళ్లను నమ్మించినవి నిజమైన కట్టడాలు. నిజమైన స్టేషన్, నిజమైన ఆస్పత్రి. రైల్వే డీఆర్ఎం ఆఫీసు వరండాలోనో, షిప్‌యార్డు గేటు బయటో, స్టీల్ ప్లాంట్ అడ్మిన్ బిల్డింగ్ ఎదుటి పార్కింగ్‌లోనో కలిసి మాట్లాడితే దాన్ని ఇంటర్వ్యూ అనుకోకూడదు. బిల్డింగ్ లోపలికి తీసుకెళ్లి, పేరున్న గదిలో, రిజిస్టర్‌లో సంతకం పెట్టించి కూర్చోబెట్టారా? లేకపోతే కారులో కూర్చోబెట్టి, ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు, ఫైలు లోపలికి పంపాను’ అన్నారా? ఈ రెంటికీ తేడా ఇంటికెళ్లాక గుర్తుచేసుకుంటే చాలు.

విశాఖలో స్టీల్ ప్లాంట్ పేరు మీద ఎన్నేళ్లుగా ఈ వ్యాపారం నడుస్తోందో ఇక్కడ పెరిగినవాళ్లందరికీ తెలుసు. ఇప్పుడు మాత్రం కాస్త లెక్క వేసుకున్నా మోసం తెలిసిపోతుంది. 2021 జనవరి 27న కేంద్రం ఆ ప్లాంట్‌లో పెట్టుబడుల ఉపసంహరణకు ఆమోదం తెలిపింది. 2025లో ఉన్న ఉద్యోగులకే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెట్టారు, కాంట్రాక్టు కార్మికులను తగ్గించారు. భూములిచ్చి ఆర్ కార్డు (పునరావాస కార్డు) పట్టుకున్న నిర్వాసితుల కుటుంబాలే దశాబ్దాలుగా ఎదురు చూస్తున్నాయి. అలాంటిచోట పర్మినెంటు పోస్టు ఒకటి మీకోసం ఎవరో దాచి ఉంచారంటే నమ్మడానికి ఏ ఆధారం ఉంది? ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఆ సంస్థ గత రెండేళ్లలో ఎవరినైనా తీసుకుందా, నోటిఫికేషన్ ఎక్కడ వేసిందని అడగండి. ప్రభుత్వ సంస్థ అయితే నోటిఫికేషన్ లేకుండా ఉద్యోగం లేదు. ‘ఇది నోటిఫికేషన్‌లో రాని పోస్టు’ అని ఏజెంటు అంటే మోసాన్ని తన నోటితోనే ఒప్పుకున్నట్టు.

ఇక చేతికొచ్చే కాగితం. ఇలాంటి ఆఫర్ లెటర్లు వాట్సాప్‌లో పంపి ‘చూడండి సార్, నిజమేనా’ అని అడిగేవాళ్లు ఉంటారు. వాటిని వరసపెట్టి చూస్తే ఒకే చేతి వాటం కనబడుతుంది. పైన పెద్ద కంపెనీ లోగో, అంచులు మసకబారి ఉంటుంది, ఎక్కణ్నుంచో కత్తిరించి అతికించిన గుర్తు. కింద హెచ్ఆర్ మేనేజర్ సంతకం, దాని మీద గుండ్రటి స్టాంపు. ఆ కంపెనీ ఆఫర్ లెటర్ మీద స్టాంపు వేస్తుందో లేదో ఎవరికీ తెలియదు కానీ, స్టాంపు చూస్తే మనకు నమ్మకం కలుగుతుందని పంపినవాడికి తెలుసు. మెయిల్ వచ్చింది జీమెయిల్ నుంచి, లేదా కంపెనీ పేరు చివర ‘కెరీర్స్’, ‘హెచ్ఆర్ ఇండియా’ అని తోక తగిలించిన ఇంకేదో అడ్రసు నుంచి. జీతం అంకెల్లో ఉంటుంది, పీఎఫ్ ఎంతో, చేతికొచ్చేది ఎంతో ఉండదు. పని ఏమిటన్నది ఒక్క ముక్కలో ముగుస్తుంది. చివరి పేరాలో మాత్రం వివరాలకు కొదవ లేదు. సెక్యూరిటీ డిపాజిట్ ఎంత, అది ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఏ తేదీలోగా కట్టాలి. ఆ డబ్బు వెళ్లే యూపీఐ ఐడీ కొట్టి చూస్తే, పైసా పంపకముందే, తెర మీద ఏదో మనిషి పేరు వస్తుంది. వేల కోట్ల కంపెనీ డిపాజిట్ ఒక వ్యక్తి సొంత ఖాతాలోకి ఎందుకు వెళ్తుంది? ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగినవాళ్లు డబ్బు దక్కించుకున్నారు.

‘రిఫండబుల్’ అనే మాట చాలామందిని పడగొడుతోంది. తిరిగిచ్చేదే అయితే తీసుకోవడం ఎందుకని అడగాలి. రిజిస్ట్రేషన్, ల్యాప్‌టాప్, యూనిఫాం, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, మెడికల్, ఇలా ఏ పేరు పెట్టినా అభ్యర్థి నుంచి నియామకం పేరుతో డబ్బు అడిగే పేరున్న కంపెనీ లేదు. ఇన్ఫోసిస్, టీసీఎస్ లాంటివి తమ వెబ్‌సైట్లలో ఈ మాట రాసి పెట్టుకున్నాయి.

హైదరాబాద్‌లో అమీర్‌పేట, మాదాపూర్ చుట్టూ ‘బ్యాక్‌డోర్’ అనే మాట మామూలైపోయింది. లక్షో రెండు లక్షలో ఇస్తే ఐటీ కంపెనీలో పెట్టిస్తామంటారు. ఉత్తుత్తి ఇంటర్వ్యూ జరుగుతుంది, కొన్నిసార్లు ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు ముందురోజే పంపుతారు. రెండు నెలలు ఇంట్లో కూర్చోబెట్టి ఏదో శిక్షణ, అదే డబ్బులోంచి మొదటి నెల జీతం, మూడో నెలకి ఆఫీసుకి తాళం. ఇందులో పిల్లలు పడడానికి కారణం అమాయకత్వం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ముందు తలుపు దగ్గర మూడేళ్లు నిలబడి ఎవరూ తీయకపోతే వెనక తలుపు వైపు చూస్తారు. వాళ్లను తిట్టే ముందు అది గుర్తుపెట్టుకోవాలి. అయితే ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. దొంగ అనుభవం సర్టిఫికెట్ మన పేరున చేయించిన మరుక్షణం, మోసం చేసినవాడి మీద ఫిర్యాదు చేయడానికి మనమే జంకుతాం. వాళ్లు అది చేయించేది అందుకే కూడా.

సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16 రాత్రి మంటలు రేగి ఆరుగురు ఊపిరాడక చనిపోయారు. అందరూ ఇరవై దాటిన వయసు పిల్లలే, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు. గొలుసుకట్టు మార్కెటింగ్ సంస్థతో సంబంధమున్న కాల్ సెంటర్‌లో పనిచేస్తున్నారు. ఉద్యోగం కోసం లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా తామే కట్టామని, తర్వాత ఇంకొకరిని చేర్పిస్తేనే డబ్బులన్నారని అప్పుడు కుటుంబాలు చెబితే బయటి ప్రపంచానికి తెలిసింది. ఈ రకం ఇంటర్వ్యూ వేరుగా ఉంటుంది. ఏసీ హాలు, టై కట్టిన కుర్రాళ్లు, తెర మీద కార్లూ విదేశీ యాత్రలూ. ‘మేనేజ్‌మెంట్ ట్రైనీ’ అంటారు. ఏం అమ్మాలో చెప్పకుండా ఎంత సంపాదించవచ్చో గంటసేపు చెబుతారు. ఫోన్ పక్కన పెట్టమంటారు. ‘ఇంట్లోవాళ్లకి అర్థం కాదు తమ్ముడూ, ముందు నువ్వు జాయిన్ అవ్వు’ అంటారు. ఇంట్లో చెప్పొద్దన్న ఉద్యోగం దగ్గరికి పిల్లల్ని వెళ్లనీయకండి. 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం అమ్మకందారు దగ్గర చేరిక రుసుము తీసుకోకూడదు.

ఫోన్లోనే మొదలై ఫోన్లోనే ముగిసేది ఇంకొకటుంది. టెలిగ్రామ్‌లో మెసేజ్, హోటల్‌కి రేటింగ్ ఇస్తే 150 రూపాయలు. మొదట ఇస్తారు కూడా. తర్వాత ‘టాస్క్’ చేయాలంటే ముందు కొంత కట్టాలంటారు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న ఇలాంటి ముఠా దేశమంతా కలిపి 712 కోట్లు దోచింది. ఇంటర్వ్యూ అన్నది లేకుండా వచ్చే పని అది, ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

విదేశాల సంగతి మాత్రం విడిగా, వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే అక్కడ పోయేది డబ్బొక్కటే కాదు. 1983 నాటి వలసల చట్టం కింద నమోదు చేసుకున్న రిక్రూటింగ్ ఏజెంటు తప్ప ఇంకే మధ్యవర్తీ విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకోకూడదు. ఆ ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30 వేలు, దాని మీద జీఎస్టీ. రసీదు ఇవ్వాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు నంబరు కొడితే ఉన్నాడో లేడో తెలుస్తుంది. ‘మాది ఫలానా ముంబయి ఆఫీసుకి బ్రాంచి’ అనే సబ్ ఏజెంటుకి ఆ చట్టంలో చోటు లేదు.

ఇక్కడ ఒక కన్నం ఉంది, ఎవరూ దాన్ని సరిగా చెప్పడం లేదు. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉండదు. అంటే వెళ్లేముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నవాడు తన జాగ్రత్త తాను చూసుకుంటాడని ఆ చట్టం నమ్మకం. పైగా అనుమతి అవసరమైన 18 దేశాల జాబితాలో కంబోడియా లేదు. పదో తరగతి దాటని సోంపేట వెల్డరు సౌదీకి వెళ్తుంటే చూసే కన్నైనా ఒకటి ఉంటుంది. చోడవరం బీటెక్ కుర్రాడు టూరిస్టు వీసా మీద బ్యాంకాక్ విమానం ఎక్కితే ఆపి అడిగేవాడు లేడు. ఐటీ చదివిన యువతనే ఈ ముఠాలు లక్ష్యంగా పెట్టుకుంటున్నాయని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. 2022 జనవరి నుంచి 2024 మే వరకు విజిటర్ వీసాల మీద కంబోడియా, థాయ్‌లాండ్, మయన్మార్, వియత్నాంలకు వెళ్లిన 73,138 మందిలో 29,466 మంది తిరిగి రాలేదని కేంద్రం లెక్క తేల్చింది. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి వాయుసేన విమానాల్లో 549 మందిని తీసుకొచ్చారు, వాళ్లలో తెలుగువాళ్లున్నారు.

అందుకని విదేశీ ఇంటర్వ్యూలో మొట్టమొదట అడగవలసింది జీతం కాదు, వీసా. ‘విజిట్ మీద వెళ్లు, అక్కడ మార్చుకుందాం’ అంటే అక్కడితో ఆపేయాలి. ఆ మాటకి మంచి అర్థం లేదు. రెండోది, దిగే ఊరూ పనిచేసే ఊరూ ఒకటేనా? సింగపూర్ ఉద్యోగానికి బ్యాంకాక్ టికెట్ ఎందుకు? మూడోది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? ఇంటర్వ్యూ రోజునే ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకుని, వెనక్కి అడిగితే ‘క్యాన్సిలేషన్ చార్జీలు’ కట్టమన్న ఏజెంట్ల గురించి గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల ఇళ్లలో ఎన్నో కథలు వినొచ్చు. 2024లో హైదరాబాద్ యువకుడొకడు రష్యా సైన్యంలో సహాయకుడి పని అని వెళ్లి యుద్ధరంగంలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అతన్ని పిలిచింది యూట్యూబ్ వీడియో.

విశాఖ రేవు కనుక ఓడ ఉద్యోగాల మాట కూడా చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి పిల్లలు మర్చంట్ నేవీ అంటే ఎగబడతారు. ఓడలకు మనుషుల్ని పంపే సంస్థకి డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సున్నవాడు సీమన్ దగ్గర ఉద్యోగం కోసం డబ్బు తీసుకోకూడదు. నాలుగు లక్షలకి సీడీసీ (నావికుడి సర్వీసు పుస్తకం)తో సహా ఓడ ఎక్కిస్తానన్న మనిషి ఆ ఒక్క మాటతోనే లైసెన్సు లేదని చెప్పినట్టు. ఓడ పేరు, దాని ఐఎంఓ నంబరు అడగండి. నంబరు దొరికితే ఆ ఓడ ఎప్పటిది, ఏ దేశం జెండా కింద తిరుగుతోంది అన్నవి ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. పేరు చెప్పని ఓడ ఎక్కి పరాయి రేవుల్లో జీతం లేకుండా, తాగునీళ్లు అయిపోయి నెలలు గడిపినవాళ్లున్నారు.

మోసం కాకపోయినా కీడు చేసే ఇంటర్వ్యూలూ ఉన్నాయి. ఉద్యోగం నిజమే, కంపెనీ నిజమే, కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటామంటారు. ఇవ్వకండి. చూసి, జిరాక్సు తీసుకుని, వెనక్కి ఇవ్వడం పద్ధతి. బాండు విషయంలో మాత్రం ‘బాండంటేనే చెల్లదు’ అని చాలామంది ధీమాగా ఉంటున్నారు, అది సరికాదు. మూడేళ్లు చేయకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి సంతకం పెట్టే ముందు చదవండి. చదవడానికి ఇంటికి తీసుకెళ్తానంటే ఒప్పుకోని కాగితం మీద సంతకం పెట్టకండి. ఫార్మా, సెజ్ పనుల్లో మిమ్మల్ని తీసుకుంటున్నది కంపెనీయా, కాంట్రాక్టరా అన్నది ఇంటర్వ్యూలోనే తేల్చుకోవాలి. గేటు మీది పేరు ఒకటి, జీతం ఇచ్చే పేరు ఇంకొకటి అయితే ప్రమాదం జరిగిన రోజున ఆ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు ఎప్పుడిస్తారని అడగడానికి సిగ్గుపడొద్దు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి.

ఇన్ని చెప్పినా ఆఖరికి కుర్రాడు పడిపోయేది తొందర దగ్గర. ‘ఒక్క సీటే మిగిలింది తమ్ముడూ, సాయంత్రం అయిదులోగా కొడితే లాక్ చేస్తా.’ ఇలా అన్నవాణ్ని రెండు రోజులు గడువడగండి. నిజమైన హెచ్ఆర్ విసుక్కున్నా ఇస్తాడు. ఆ రెండు రోజుల్లో కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, ఆఫర్ లెటర్ మీది రిఫరెన్సు నంబరు చదివి వినిపించండి. ఏజెంటు ఇచ్చిన నంబరుకి చేస్తే లాభం లేదు, ఎత్తేది వాడి మనిషే.

అప్పటికే డబ్బు పోయి ఉంటే గంటల్లో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఖాతాల మధ్య చేతులు మారకముందే ఆపగలిగిన సందర్భాలు ఉన్నాయి. మోసం హైదరాబాద్‌లో జరిగింది కదా అని చోడవరం స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోం అంటే ఊరుకోకండి. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) ప్రకారం ఎక్కడైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. చాట్లు, కాల్ రికార్డులు, యూపీఐ రసీదులు చెరపకండి. పరువు పోతుందని తండ్రీ కొడుకులు నోరు మూసుకున్న ప్రతి ఇంటి తర్వాత అదే ఏజెంటు పక్క ఊళ్లో ఇంకో ఇంటి తలుపు తడుతున్నాడు.

దీన్నంతా ఒక్కో కుర్రాడి తెలివికి వదిలేయడం నాకు న్యాయంగా తోచదు. గ్రామ సచివాలయంలో కంప్యూటరుంది, సిబ్బంది ఉన్నారు. పింఛను దరఖాస్తు చూసినట్టే ఆఫర్ లెటర్ కూడా చూడమని వాళ్లకు జిల్లా కలెక్టరు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు ఉన్నాడా, షిప్పింగ్ డైరెక్టరేట్ జాబితాలో లైసెన్సు ఉందా, కంపెనీ కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదైందా అన్న మూడు వెతుకులాటలకు పావుగంట పట్టదు. ఫలితాన్ని ఒక కాగితం మీద రాసి చేతికిస్తే, ఇంట్లో ఆత్రుతపడుతున్న తండ్రికి ఏజెంటు ఫోన్ ఎత్తి చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది: ‘సచివాలయంలో చూపించాక కడతాం బాబూ.’